ప్రార్థనలో పడిపోయే సుగుణ

2023 వేసవి. అప్పుడు నేను విజయవాడలో ఓ ప్రైవేటు ఆసుపత్రి న్యూరాలజీ ఓపీలో నర్సుని. మైలవరం దగ్గర మా చర్చి సంఘంలో సండే స్కూల్ చెప్పే సుగుణ మా ఓపీకే వచ్చేది. ఆమెకు మల్టిపుల్ స్క్లెరోసిస్, అంటే మెదడు, వెన్నుపాముల్లో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. కాళ్ల తిమ్మిర్లకు మందులు వాడుతోంది.

ఆ వేసవిలో కొత్త బాధ మొదలైంది. ఉపవాస ప్రార్థనలో చాపమీద కూర్చున్నంతసేపూ బాగానే ఉండేది. బైబిలు వాక్యం చదవడానికి అందరం లేవగానే కళ్లు తేలేసి పడిపోయేది. పడుకోబెట్టి, తలమీద చేతులుంచి ప్రార్థించేవాళ్లం. కాసేపటికి తేరుకునేది.

"చూశారా సిస్టరుగారూ, వాక్యం తెరిస్తే పడతంది, ప్రార్థన చేస్తే లేస్తంది," అన్నారు సంఘపెద్ద దేవదానం గారు. "అపవిత్రాత్మ కాకపోతే ఏంటది? పిల్లల్ని ఎట్టా అప్పజెబుతాం?"

ఓపీలో కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే బీపీ ఎప్పుడూ నార్మలే. జబ్బా, సాతాను శోధనా?

"నాలో దయ్యం ఉందంటావా అక్కా?" అనడిగింది సుగుణ. "ఉంటే చెప్పు, నేనే మానేస్తా. పిల్లలు జడుసుకుంటారు."

డాక్టరుగారితో, "పడుకోబెట్టి ప్రార్థిస్తే లేస్తోందండీ," అన్నాను. ఆయన నవ్వలేదు.

"పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమ్మా."

పడుకున్నప్పుడు బాగానే ఉన్న బీపీ, నిలబడగానే జారిపోయింది. గుండె, బీపీ, చెమట లాంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపే అటానమిక్ నరాల వ్యవస్థను కూడా ఈ జబ్బు దెబ్బతీయగలదట. దానికి ఉపవాసం, మేం ప్రార్థన చేసుకునే రేకుల షెడ్డు వేడి తోడయ్యాయి.

సుగుణా, నేనూ వెళ్లి ఇదంతా చెబితే దేవదానం గారు అడిగారు: "అయితే ఇన్నాళ్లూ మన ప్రార్థన ఏం చేసినట్టమ్మా?"

"నన్ను పడుకోబెట్టింది కదండీ," అంది సుగుణ. "అదే మందంట."

మరుసటి ఆదివారం సంఘమంతా లేచి నిలబడింది. సుగుణ ఒక్కతే నీళ్ల సీసాతో కుర్చీలో ఉండిపోయి, బిడియంగా తల దించుకుంది. దేవదానం గారు వెళ్లి ఆమె ఒళ్లో బైబిలు పెట్టారు.

"కూర్చునే చదువు, టీచరమ్మా."

లేచి నడవడమే స్వస్థత అని వింటూ పెరిగినదాన్ని. ఇప్పుడు కళ్లు తిరుగుతున్నాయని ఎవరొచ్చినా పడుకోబెట్టీ, నిలబెట్టీ బీపీ చూస్తాను. ప్రార్థన మానలేదు. ఆ రోజుల్లో ఆమెను లేపింది ప్రార్థనా, పడకా అంటే మాత్రం ఇప్పటికీ చెప్పలేను.