ల్యాంపురూము సదయ్య, బిడ్డ ల్యాప్‌టాప్

మా గని కార్మికుల క్వార్టర్ల లైనులో ఉండే సదయ్య ముఖం గోదావరిఖనిలో చాలామందికి తెలియదు. ఆయన చెయ్యి మాత్రం బొగ్గుగని బాయి దిగే ప్రతివాడికీ తెలుసు. ల్యాంపురూము కిటికీ చిన్నది. ఇరవై ఆరేళ్ళుగా ఆ కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, టోకెన్ తీసుకుని, టోపీకి పెట్టుకునే దీపం ఇస్తుంది.

బొగ్గు బాయిలో ఆ దీపమే మనిషికి కన్ను. అందుకని సదయ్య దేన్నీ విసురుగా ఇవ్వడు. ఛార్జింగ్ పెట్టిన ర్యాకు మీది నుంచి దించి, మెత్తటి గుడ్డతో అద్దం తుడిచి, స్విచ్ బంద్ ఉందో లేదో వేలితో తడిమి చూసి, అప్పుడు జాగ్రత్త చెబుతూ “పైలం” అని చేతిలో పెడతాడు. దిగకముందే వెలుగు వృథా కాకూడదు కదా. తీసుకున్న మనిషి కిటికీ ముందే ఒకసారి వెలిగించి చూసుకుని, మళ్ళీ ఆర్పి పోతాడు. అది అక్కడి పద్ధతి.

ఆ పద్ధతే పోయిన మాఘమాసంలో ఒక శుక్రవారం ఆయన ఇంట్లోకి వచ్చింది.

సదయ్య బిడ్డ సంతోషి ఇంజనీరింగ్ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. ఆ శుక్రవారం కాలేజీలో ఒక పరీక్ష ఉంది. అందులో నెగ్గిన వాళ్ళకు ఎండాకాలం సెలవుల్లో హైదరాబాదులో రెండు నెలల శిక్షణ ఇస్తారు. పదకొండు గంటల లోపు కంప్యూటర్‌లో పేరు నమోదు చేసుకోవాలి. దాటితే మళ్ళీ వచ్చే ఏడాదే. పైగా కాలేజీ వైఫై మీద తప్ప ఆ పరీక్ష తెరుచుకోదు. ల్యాబులో ఉన్న కంప్యూటర్లు చివరి ఏడాది పిల్లలకే సరిపోతాయి కాబట్టి మిగిలిన వాళ్ళను సొంతవి తెచ్చుకోమన్నారు.

సంతోషికి సొంతది వచ్చి మూడు రోజులే అయింది. సదయ్య అన్న కొడుకు రుత్విక్ కొత్తది కొనుక్కుని, పాత ల్యాప్‌టాప్‌ను పార్సిల్ వేస్తే దెబ్బ తగులుతుందేమోనని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి మరీ చెల్లెకు ఇచ్చిపోయాడు. సదయ్య భార్య సారక్క దానికి మూత మీద పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంది. ఇంట్లో ఫోనులోని నెట్‌తో కలిపి చూస్తే చక్కగా నడిచింది.

శుక్రవారం సదయ్యది రెండో షిఫ్టు. మధ్యాహ్నం మూడింటికి డ్యూటీ ఎక్కాలి. పొద్దున సంతోషి జడ వేసుకుంటూ ల్యాప్‌టాప్ సర్దుకోవాలని తొందరపడుతుంటే, ఆయన ఆపాడు.

“గది నా పని బిడ్డా. నేనిస్త.”

ఛార్జింగ్ నుంచి తీశాడు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. పక్కన చిన్న జారుడు మీట, దానికి ఆనుకుని నీలి చుక్క ఒకటి వెలుగుతోంది. దారిలోనే ఛార్జింగ్ తినేస్తుందని మీటను వెనక్కి జరిపాడు. నీలి చుక్క నారింజ రంగుకు తిరిగింది. సంచిలో పెట్టి, బిడ్డ భుజానికి తగిలించి, “పైలం” అన్నాడు.

ఛార్జర్ సంగతి ఆయనకు తోచనే లేదు. ల్యాంపురూములో దీపం మనిషి వెంట పోతుంది, ఛార్జర్ గోడకే ఉంటుంది.

పది దాటాక సారక్క ఇల్లు ఊడుస్తూ గోడకు వేలాడుతున్న తీగను చూసి మొగుడిని పిలిచింది. సదయ్య దాన్ని చుట్టి పట్టుకుని రోడ్డు మీదికి ఉరికాడు. షేర్ ఆటోలో అప్పటికి ఇద్దరు ఆడవాళ్ళే ఉన్నారు. ఆటో నడిపే ఆగయ్య బండి నిండందే కదలడని పేరున్నవాడు. సదయ్య చేతిలోని తీగను, ముఖంలోని కంగారును చూసి సంగతి అడిగి తెలుసుకుని, ఇంకెవరి కోసమూ ఆగకుండా బండి తీశాడు. ఆ ఇద్దరు ఆడవాళ్ళూ తమ స్టాపు వచ్చినా దిగలేదు. బండి ఆపితే ఆలస్యమవుతుందని, ముందు కాలేజీకే పోనిమ్మన్నారు. ఈ మాట విన్నప్పుడు, కొండగట్టు అంజన్న ఆ పూట ఆ ఆటోలోనే కూర్చున్నాడనిపించింది నాకు.

గేటు దగ్గర వాచ్‌మన్ పోశం. రిజిస్టర్‌లో రాయనిదే తల్లిదండ్రులను లోపలికి వదలకూడదు. పోశం గడియారం చూసి, సంతకం వచ్చేటప్పుడు పెట్టొచ్చులెమ్మని, ల్యాబుకు దగ్గర దారి చూపించాడు.

ల్యాబులో గడియారం పది నలభై చూపిస్తోంది. అక్కడ అందరి తెరల మీదా కాలేజీ వైఫై పేరు కనబడుతోంది. ల్యాబు చూసుకునే అనంతకృష్ణ సార్ దగ్గర పుస్తకంలో పేరు రాయించుకుని, రోల్ నంబరు, పాస్‌వర్డ్ కొడితే చాలు, కలుస్తోంది. సంతోషి తెర మీద మాత్రం ఒక్క పేరూ లేదు. రెండుసార్లు ఆర్పి వెలిగించారు. లోపలి సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాలేమో, గంట పడుతుందని సార్ బాధగా చెప్పారు. ఆయన మంథని నుంచి రోజూ బస్సులో వచ్చే మనిషి. పిల్లల కోసం ఆ రోజు మొదటి బస్సుకే వచ్చారు.

పాత బ్యాటరీ కదా, అప్పుడే పదకొండు శాతానికి దిగింది. పక్కన కూర్చున్న స్నేహితురాలు భావ్య తన ల్యాప్‌టాప్‌ను సంతోషి ముందుకు జరిపింది.

“నువ్వు రాయవే. నేను వచ్చే ఏడు రాస్త.”

సంతోషి దాన్ని వెనక్కి జరిపింది. భావ్య మళ్ళీ ముందుకు జరిపింది. ఇద్దరి కళ్ళల్లోనూ నీళ్ళు.

సదయ్య తలుపు దగ్గర నిలబడి తీగ పైకెత్తి చూపించాడు. సార్ రమ్మన్నారు. ఛార్జర్ పెట్టగానే తెర వెలుగు పెరిగింది గాని వైఫై పేరు రాలేదు. అప్పుడు చూశాడు సదయ్య, పక్కన నారింజ చుక్కను. అంతమంది చదువుకున్న వాళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాడు. కానీ బాయిలో దీపం ఆరిపోతే మనిషి ఊరుకోకూడదు, గట్టిగా చెప్పాలి. అదీ పద్ధతే.

“సార్, తప్పు నాది. పొద్దుగాల గా మీట నేనే బంద్ చేసిన. నీలం రంగు వెలుగుతుంటె ఛార్జింగ్ అయిపోతదనుకున్న.”

అనంతకృష్ణ సార్ వంగి చూసి నుదురు కొట్టుకున్నారు. “పాత మోడళ్ళకు వైఫై స్విచ్ బయటనే ఉంటదని నాకు యాదికే రాలేదు. జరుపన్నా, నీ చేత్తోనే జరుపు.”

సదయ్య జరిపాడు. నారింజ పోయి నీలం వచ్చింది. ఒక్క ఊపిరి సేపు తెర ఖాళీగానే ఉంది. ఆ తర్వాత పేర్లు వచ్చాయి. ఒకటి, రెండు, ఐదు. షిఫ్టు విడిచినప్పుడు బాయి నోట్లోంచి దీపాలు ఒకటొకటే పైకి వచ్చినట్టు వచ్చాయి. భావ్య బల్ల మీద చప్పుడు చేసింది. వెనక వరుస పిల్లలు లేచి నిలబడ్డారు.

సార్ పుస్తకం తెరిచారు. పేరు, రోల్ నంబరు, ల్యాప్‌టాప్ నంబరు, సంతకం. సదయ్యకు ఆ పుస్తకం కొత్తగా అనిపించలేదు. ఆయన ల్యాంపురూము పుస్తకంలోనూ ఒక నంబరుకు ఒకే మనిషి. తొందరలో సంతోషి పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టింది.

“నిమ్మళంగ కొట్టు బిడ్డా. ఇంక టైమున్నది” అన్నాడు సదయ్య.

రెండోసారికి కలిసింది. అప్పటికి పది యాభై ఆరు. పదకొండుకు ఒక్క నిమిషం ఉందనగా పేరు నమోదైంది.

పరీక్ష రెండు గంటలు. సదయ్య పోశం కుర్చీలో కూర్చుని, మేడారం తల్లులకు బెల్లం మొక్కుకున్నాడు. పోశం తన సద్దిలో సగం మూతలో పెట్టి ముందుంచాడు. ఒంటిగంటకు సంతోషి, భావ్య చేతులు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చారు. ఒక్క ప్రశ్న కూడా వదల్లేదట.

సదయ్య తల వంచుకుని ఇంకా ఆ మీట సంగతే తలుచుకుంటున్నాడు. సంతోషి పక్కన కూర్చుంది.

“బాపు, నువ్వు దీపం ఇచ్చినంక తీసుకున్నోళ్ళు ఏం జేస్తరు?”

“కిటికి ముందట్నే వెలిగించి చూసుకుంటరు.”

“నేను చూసుకోలె గదా. సగం తప్పు నాదే.”

ఆ మాటకు సదయ్య నవ్వాడు. గేటు రిజిస్టర్‌లో బాకీ ఉన్న సంతకం పెట్టి, మూడింటి షిఫ్టుకు అందుకున్నాడు.

పదో రోజున జాబితా వచ్చింది. పోశం బోర్డు చూసి ఫోన్ చేశాడు. భావ్య నాలుగో పేరు, సంతోషి పదకొండో పేరు. సారక్క మా లైనులో ప్రతి ఇంటికీ బెల్లం ముక్క పంచింది. మా వాకిట్లోకి వచ్చి, బెల్లం నా చేతిలో పెట్టి నవ్వింది.

సెలవులు వచ్చాయి. హైదరాబాదుకు బయలుదేరిన పొద్దున సదయ్య ల్యాప్‌టాప్‌ను తుడిచి, దాని మీద ఛార్జర్ చుట్టి పెట్టి, గడప దగ్గర బిడ్డకు అందించాడు. సంతోషి అక్కడే నిలబడి మూత తెరిచి, మీట జరిపి, నీలి చుక్క వెలిగే దాకా చూసింది. మళ్ళీ ఆర్పి సంచిలో పెట్టుకుంది.

“పైలం” అన్నాడు సదయ్య.