ముహూర్తాల్లేని నెల కోసం

బందరు కోనేరు సెంటర్లో పెద్దిరాజుకి ఫొటో స్టూడియో ఉంది. చుట్టుపక్కల పెళ్ళి గుడిలో జరిగినా, చర్చిలో జరిగినా ఫొటోలు అతనే తియ్యాలి. పాతికేళ్ళుగా అదే పని. అలాంటి మనిషి సముద్రం అడుగున ఫొటోలు తియ్యడానికి ఏ ఊరు చవకో వెతుక్కుంటూ మూడేళ్ళు గడిపాడంటే బందరంతా నవ్వింది. నవ్వినవాళ్ళకేం తెలుసు, వాళ్ళ మొహం!

కారణం అతని తండ్రి నాంచారయ్య. గిలకలదిండిలో యాభై ఏళ్ళు వల వేసిన మనిషి. రెండువేల సంవత్సరంలో చూపు మసకేస్తోందంటే గుడివాడలో కంటి డాక్టరుకి చూపించాడు పెద్దిరాజు. నీటికాసులన్నారు. పోయిన చూపు ఇక రాదు, చుక్కలు వేసుకుంటే మిగిలింది కొన్నాళ్ళు నిలబడుతుందన్నారు.

ఇద్దరూ బస్సులో తిరిగొస్తున్నారు. పెడన దాటాక నాంచారయ్య అన్నాడు.

"ఇన్నేళ్ళు సముద్రం నెత్తిమీద తిరిగాన్రా పెద్దీ. లోపలెట్టా ఉంటదో ఒక్కసారన్నా చూళ్ళేదు. మనయ్యి బురదనీళ్ళు గదా, మోకాల్లోతులో నా పాదమే నాకు కనపడదు."

"నేను ఫొటో తీసుకొచ్చి చూపిస్తాలే నాన్నా," అనేశాడు పెద్దిరాజు. అంతకుముందు తండ్రి తనని ఏదీ అడిగి ఎరగడు. ఇది మాత్రం ఆయన కళ్ళుండగానే చేసి తీరాలనుకున్నాడు.

స్టూడియో పక్కన ఇంటర్నెట్ సెంటర్ నడిపే కృపావరం మాస్టారు రిటైరైన భూగోళం టీచరు. ఇంగ్లీషులో ఉన్నదంతా ఆయన చదివి చెప్పడం, పెద్దిరాజు నోటుబుక్కులో రాసుకోవడం. లక్షద్వీపాలకి పర్మిట్లు కావాలి, అక్కడ మనకి తెలిసినవాడు ఒక్కడూ లేడు. థాయిలాండులో డైవింగ్ చవకేగానీ పాస్‌పోర్టు, విమానం పెద్ద తలనొప్పి. మాల్దీవుల రేట్లు చదివి మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేశారు.

"ఊపిరి పీల్చినందుక్కూడా వసూలు చేసేట్టున్నారయ్యా. మనకి అండమానే గతి. వైజాగ్ నుంచి ఓడ ఉంది, అన్నిట్లోకీ చవక బంకు క్లాసు, ఆ టిక్కెట్టు మనం కొనగలం. పోర్ట్‌బ్లెయిర్లో మన తెలుగువాళ్ళు బోల్డుమంది. ఎవరో ఒకరు నాలుగు రోజులు ఇంట్లో ఉండనిస్తారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా నీళ్ళు తేటగా ఉంటాయిట. వానాకాలం మాత్రం ఎవర్నీ దింపరు."

అక్కడే వచ్చింది తిరకాసు. పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరుకి ఖాళీ దొరికేది ఆషాఢంలో, భాద్రపదంలో. సరిగ్గా అప్పుడే అక్కడ సముద్రం పిచ్చెత్తినట్టు ఉంటుంది. పోనీ ధనుర్మాసంలోనో పుష్యంలోనో వెళ్దామంటే, హిందువుల పెళ్ళిళ్ళు లేకపోయినా క్రిస్మస్ ముందూ వెనకా చర్చిల్లో ఒకటే పెళ్ళిళ్ళు. మాఘం వచ్చిందా, మళ్ళీ మేళతాళాలు. ఏడాది పొడుగునా ఎవరో ఒకరు పెళ్ళి చేసుకుంటూనే ఉంటారు, ఏం చేస్తాం!

అయినా కెమెరా మాత్రం కొన్నాడు. నీళ్ళలో పనిచేసే పాత కెమెరా, మద్రాసు నుంచి తెప్పించాడు. ఇంటి వెనక గోళెంలో ముంచి పరీక్ష చేస్తుంటే భార్య దుర్గ నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"పెళ్ళికూతురు గోళెంలో ఉందా ఏందయ్యా?"

రెండో ఏడు తెగించి మాఘంలో టిక్కెట్టు కొన్నాడు. ఇంకో వారంలో ప్రయాణమనగా, నాంచారయ్య పనిచేసిన పడవ యజమాని స్వయంగా స్టూడియోకొచ్చి కూర్చున్నాడు. "ఏరా అల్లుడూ, మా పిల్ల పెళ్ళికి నువ్వు కాకుండా పరాయోణ్ణి పెట్టుకోమంటావా?" అన్నాడు. ఆయన అన్నం తిని పెరిగిన ఇల్లు. కాదనడం పెద్దిరాజుకి చేతకాలేదు. ఆ రాత్రి తండ్రికి ఎలా చెప్పాలో తెలియక అన్నం కెలుకుతూ కూర్చుంటే, పెద్దాయనే అన్నాడు.

"చేపలు ఏడకీ పోవులేరా."

చేపలు పోలేదు, చూపు పోతోంది. ముందు పక్కలు కనపడటం మానేశాయి. తర్వాత గొట్టంలోంచి చూసినంత మిగిలింది. పెద్దిరాజు రోజూ చుక్కలు వేస్తూ, ఆ కళ్ళకేసి చూస్తూ, ఇంకెన్నాళ్ళు అని లోలోపల కుమిలిపోయేవాడు.

మూడో ఏడు కొత్త కేలండరు తెచ్చి చూస్తే, శుక్రమౌఢ్యం మాఘ ఫాల్గుణాల్ని దాదాపు మింగేసింది. అది చూసి పురోహితులూ బ్యాండువాళ్ళూ నెత్తి కొట్టుకున్నారు. పెద్దిరాజు కృపావరం మాస్టారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన కేలండరు తిరగేసి, "అప్పుడు మాకు శ్రమకాలం, ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు. చర్చిలో పెళ్ళిళ్ళుండవు. వెళ్ళిరావయ్యా, ఇది దేవుడిచ్చిన నెల," అన్నారు. ఆ పూటే టిక్కెట్టుకి మనిషిని పంపాడు.

జనవరిలో గూడూరు చర్చిలో పెళ్ళి ముగించుకుని ఇంటికొచ్చేసరికి దుర్గ గుమ్మంలోనే ఆపింది. నెల రోజులుగా పొద్దున పోయి చీకటిపడ్డాక వస్తున్నాడు, చుక్కలు కూడా దుర్గే వేస్తోంది, అతను ఏదీ గమనించలేదు.

"మావయ్యకి వెలుగు కూడా తెలవట్లేదయ్యా. ఎండలో కూచోబెడితే, లైటెయ్యలేదా అమ్మా అనడుగుతున్నాడు."

గుడివాడ తీసుకెళ్తే డాక్టరు లైటు వేసి చూసి, అడ్డంగా తలూపాడు. ఇంక టిక్కెట్టు చించేస్తానన్నాడు పెద్దిరాజు. ఎవరికి చూపించాలని వెళ్ళాలి?

"చించితే ఊరుకోను," అన్నాడు నాంచారయ్య. "నువ్వన్నా చూడు. చూసొచ్చి చెప్పు."

వెళ్ళాడు. ఓడలో మూడు రోజులూ వాంతులు. హావ్‌లాక్ దీవిలో ఒక కుర్రాడు వీపుకి సిలిండరు కట్టి, చెయ్యి పట్టుకుని దింపాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే కింద ఇసుకలో తన నీడ కనపడింది. "నాన్నా, చూడు" అనబోయి నోట్లో గొట్టం ఉందని గుర్తొచ్చి, ఏడుస్తూనే ముప్ఫైఆరు ఫొటోలు తీశాడు.

ప్రింట్లు కడిగించుకుని గిలకలదిండిలో ఇంటికొచ్చి తండ్రి పక్కన మంచం మీద కూర్చున్నాడు. మొదటి ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. నాంచారయ్య మొహం అతని వైపు తిప్పి, చెవి ఒగ్గి కూర్చున్నాడు.

"ఏం చేపరా?"

"తెలీదు నాన్నా."

"వంజరమా?"

"కాదు."

"పండుగప్పా? చందువా?"

"అవేమీ కావు నాన్నా. నుదుటి మీద బుడిపె ఉంది. పెదాలు లావు. రంగు... ఆకుపచ్చా కాదు, నీలమూ కాదు." పాతికేళ్ళు ఫొటో చేతికివ్వడమే తెలిసిన మనిషి, ఫొటోని నోటితో చెప్పడం ఎన్నడూ నేర్చుకోలేదు. తన మీద తనకే అసహ్యమేసింది.

"పోనీ, ఎంతుంటది?"

ఇంత అని చేతులు చాపాడు. ఆ చేతులు ఎవరు చూస్తారని? చప్పున దించేసుకున్నాడు. తండ్రివి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, మెల్లగా ఎడం చేసి, అంత దూరంలో ఆపాడు.

నాంచారయ్య ఆ చేతుల మధ్య కొలతని కాసేపు అలాగే పట్టుకున్నాడు. మొహమంతా నవ్వు పాకింది.

"ఓరి నీ దుంపతెగ! ఇంత చేపని ఊరికే వదిలేసొచ్చావంట్రా?"

వంటింట్లోంచి దుర్గ నవ్వింది. పెద్దిరాజు ఒళ్ళో ఇంకా ముప్ఫైఅయిదు ఫొటోలున్నాయి, ఒక్క చేప పేరూ తెలీదు.

నాంచారయ్య చేతులు దించలేదు.

"రెండోది పెట్టరా," అన్నాడు.