చిన్న కెప్టెన్ చెప్పిన మాట

ధన్‌సింగ్ నోట్లో నాలుక లేని మనిషని టేకులపల్లి దగ్గరి తండాలో అందరూ అనేవారు. భార్య సోమ్లి పోయాక ఇంట్లో పలకరించే దిక్కు కూడా లేకుండా పోయింది. అలాంటివాడికి మాట్లాడే ఉద్యోగం దొరికిందంటే నవ్వొస్తుంది కదా. బూర్గంపాడు దాటాక అడవి అంచున ఒక ఫ్యాక్టరీవాళ్లు మట్టి రన్‌వే వేసుకున్నారు. సోమవారం, గురువారం వాళ్ల చిన్న విమానం దిగేది. పశువులను తోలేసి, వైర్‌లెస్ సెట్టులో "మైదానం ఖాళీ సార్" అని చెప్పడమే ధన్‌సింగ్ పని.

విమానం నడిపేది పెద్ద కెప్టెన్. ఆయనకు తెలుగూ రాదు, వాచ్‌మన్‌తో మాట్లాడే అలవాటూ లేదు. సెట్టు పట్టేది పక్కన కూర్చునే చిన్న కెప్టెన్ సాంబమూర్తి, ఖమ్మం పిల్లగాడు. "ధన్‌సింగన్నా, తిన్నవా?" అని ఆకాశంలోంచి అడిగేవాడు. తిన్నా తినకపోయినా "అవ్ సార్" అనేవాడు ధన్‌సింగ్. వారానికి రెండుసార్లు వినిపించే ఆ ప్రశ్న కోసమే మిగతా అయిదు రోజులూ బతికేవాడంటే అబద్ధం కాదు.

ఎనభై మూడు ఆగస్టులో ఒక గురువారం, ఖాళీ అని చెప్పేశాక, అవతలి చివర పొదల్లోంచి గేదెల మంద రన్‌వే మీదికెక్కింది. ధన్‌సింగ్ మళ్లీ సెట్టు అందుకుని, "సార్, బర్లొచ్చినయ్. దిగొద్దు, పైకి పోండి" అన్నాడు. "విన్న అన్నా" అంది సాంబమూర్తి గొంతు. అయినా విమానం దిగింది. గేదెలను తప్పించబోయి పక్కకు తిరిగి గట్టును గుద్దుకుంది. దెబ్బంతా సాంబమూర్తి కూర్చున్న వైపే తగిలింది. పెద్ద కెప్టెన్‌కు నుదుటి మీద గీత పడింది, అంతే.

మూడో రోజు దవాఖానాలో సాంబమూర్తికి కాస్త తెలివొచ్చింది. పక్కన ధన్‌సింగ్ ఒక్కడే ఉన్నాడు.

"నేను చెప్పిన అన్నా. సార్, పశువులున్నట్టున్నయ్, ఇంకో చుట్టు తిరిగితే బాగుంటదేమో అన్న. ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు. ఇగ ఊకున్న. గంత పెద్దాయనను దిగొద్దని ఎట్లంట?"

సాయంత్రానికి పోయాడు. మర్యాద మండిపోను! చావు ఎదురొస్తుంటే కూడా 'బాగుంటదేమో' అంటారా ఎవరైనా? అంటారు. మనమందరం అలా పెరిగినవాళ్లమే.

విచారణకు ఆఫీసర్లు వచ్చారు. చిన్నవాడు తనకేమీ చెప్పలేదని పెద్ద కెప్టెన్ అప్పటికే రాసిచ్చాడు. సెట్టులో మాటలు ఎక్కడా రికార్డయ్యేవి కావు. బర్రెలొచ్చాయని చెప్పానంటే ధన్‌సింగ్ ఉద్యోగం నిలుస్తుంది, కానీ విని కూడా చెప్పలేదన్న నింద సాంబమూర్తి మీద పడుతుంది. దవాఖానాలో అన్న మాటను ఒక తండావాడు చెబితే ఎవడు నమ్ముతాడు? ఎదురుగా పెద్ద కెప్టెన్ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"బర్రెలొచ్చినయని సెట్టుల చెప్పినవా, లేదా?" అన్నాడు ఆఫీసరు.

"లేదు సార్. నేనే చూసుకోలే" అన్నాడు ధన్‌సింగ్.

అక్కడైనా ఆ పెద్దాయన మీద నోరు లేచిందా? లేవలేదు. ఉద్యోగం ఆ పూటే పోయింది.

బయట వరండాలో సాంబమూర్తి తల్లి పిచ్చమ్మ కూర్చుని ఉంది. లోపలి మాటలన్నీ ఆమెకు వినిపించాయి. లేచి ధన్‌సింగ్ దారికి అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట చెప్తే నా కొడుకు బతికేటోడు గదయ్యా. నీకు నోరెందుకు రాలే?"

"తప్పయింది తల్లీ" అన్నాడు ధన్‌సింగ్.

పిచ్చమ్మ అతని మొహం మీద ఉమ్మేసింది. ఆమె ముందు తుడుచుకోవడం బాగుండదని, మెట్లు దిగి మలుపు తిరిగేదాకా ఆగాడు.