సాక్సులు విప్పాకే స్కాన్లు

నరాల డాక్టరమ్మ గది ముందు వరసది ఎప్పుడూ నత్తనడకే. ఎవరు ఎంత ఖరీదైన స్కాన్ తెచ్చినా ఆవిడ ముందు దాన్ని ముట్టదు. "సాక్సులు విప్పండి. మొదట మనిషిని చూద్దాం" అంటుంది. బయటివాళ్ళు గొణుక్కుంటారు. ఇంట్లో ఆవిడ బావయితే ఏకంగా పేరే పెట్టేశాడు, సుత్తి డాక్టరని. మోకాళ్ళ మీద కొట్టే రబ్బరు సుత్తి ఆవిడ చెయ్యి దిగదు మరి.

ఆ బావే ఒకరోజు భార్య భుజం పట్టుకుని అదే వరసలో నిలబడ్డాడు. ఆయన బస్సు డ్రైవరు. కొన్నాళ్ళుగా కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోతున్నాయి. బ్రేకు మీద పాదం ఉందో లేదో కిందికి చూస్తేగాని తెలియడం లేదు. వేరే డాక్టరెవరో నడుముకి స్కాన్ తీయించి, ఏమీ లేదు పొమ్మన్నాడు. మరదలి దగ్గరికి రావడం ఈయనగారికి నామోషీ. ఆయన భార్యే, అంటే డాక్టరమ్మ అక్కే, పోరుపెట్టి లాక్కొచ్చింది.

చెల్లెలు పని చేస్తుంటే అక్క చూడటం అదే మొదటిసారి. ఇంట్లో టీ పెట్టమంటే పాలన్నీ పొయ్యిపాలు చేసే పిల్ల! ఇక్కడ చూస్తే చేతుల్లో ఒక్క తొట్రుపాటు లేదు.

"జాగ్రత్త, నా కాలు ఎగిరి నీకే తగులుతుంది" అన్నాడు బావ. నిజంగానే ఎగిరింది, ఎగరాల్సినదానికంటే ఎక్కువే. ఆమె నవ్వలేదు. అరికాలు గీస్తే బొటనవేలు ముడుచుకోవడం పోయి పైకి లేచింది.

"మూత్రం సాఫీగా వస్తోందా బావా?"

"ఓ, బ్రహ్మాండంగా."

"అబద్ధం. లోపలికెళ్తే ఎంతసేపటికీ బయటికి రారు" అంది అక్క. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"కళ్ళు మూసుకో. గుచ్చినట్టు తెలిస్తే చెప్పు." పిన్ను పాదం నుంచి పైకి వచ్చింది. మోకాలు, తొడ, బొడ్డు. ఆయన ఉలకలేదు, పలకలేదు. రొమ్ముకి కాస్త కింద "అబ్బా!" అన్నాడు. ఆమె అక్కడ పెన్నుతో గీత గీసింది. కళ్ళు తెరిచి ఆ గీత ఎంత పైనుందో చూసుకున్నాక బావగారి హాస్యం అణిగిపోయింది.

"స్కాన్ తప్పు కాదక్కా, తీసిన చోటు తప్పు. కాళ్ళ బాధ కదా అని నడుము చూశారు. వెన్నుపాము నొక్కుకుపోతున్నది ఇక్కడ, ఈ గీత దగ్గరో, ఇంకాస్త పైనో. ఇవాళే చూడాలి. ఆలస్యమైతే కాళ్ళు మళ్ళీ రావు."

స్కాన్‌లో వెన్నుపామును నొక్కుతున్న గడ్డ ఆమె చెప్పిన చోటే కనిపించింది. మర్నాడే ఆపరేషన్ చేసి తీసేశారు. ప్రమాదకరమైన గడ్డ కాదన్నారు. ఆ మాట విన్నాక అక్క కుర్చీలో కూలబడి కరువుదీరా ఏడ్చింది.

కొన్నాళ్ళకి ఆయన వార్డులో చేతికర్రతో అడుగులు వేస్తుంటే, పక్కమంచం తాలూకు ఆవిడ అడిగింది, "ఇది కనిపెట్టిన డాక్టరెవరండీ?" అని.

"మా మరదలే" అనబోయాడాయన. భార్య అననిస్తేగా!

"నా చెల్లెలండీ" అంది, నలుగురికీ వినబడేలా. "అమ్మ పోయాక నా చేతుల మీదే పెరిగింది."