తాతని టెక్కలి చేర్చాల్సిన టైర్లు

మా చిన్నప్పుడు... పలాసలో టైర్ల కొట్టు ముందు మా నాన్న రెండు రకాల టైర్ల మధ్య నిలబడి, ఎటూ తేల్చుకోలేక కండువాతో మొహం తుడుచుకోవడం నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. అక్కుపల్లి వైపు ఉద్దానంలో మా ఊరు. కొబ్బరి, జీడితోటలు, ఒక పాత జీపు. తాతకి, అంటే మా నాన్న వాళ్ల నాన్నకి, మా వైపు చాలామందికిలాగే కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. తారు రోడ్డు ఎక్కేదాకా దారంతా ఇసక, కాకపోతే బంకమట్టి...

అంతకు ముందు వారం వానలో జీపు తోటల మధ్యే కూరుకుపోయింది. టైర్లు అరిగి గుండులా అయిపోయాయి మరి... తిరిగినచోటే తిరిగాయి. ఆ రోజు ఆసుపత్రికి వెళ్లనే లేకపోయాం. మర్నాటికి తాత కాళ్లు పొంగిపోయాయి. పడుకుంటే ఊపిరాడదు. గోడకి దిండు ఆనించుకుని కూర్చుని, ఒక్కో ఊపిరీ లాగుతున్నాడు. వాన తెరిపివ్వగానే తీసుకెళ్లారు, గండం గడిచింది. కానీ ఆ ఊపిరి లాగే శబ్దం విన్నాక నాన్న స్థిమితంగా అన్నం తినలేదు.

అందుకే ఆ టైర్లు.

మా జీపుకి సరిపడేవి కొట్లో రెండు రకాలే ఉన్నాయి. మామూలు రోడ్డు టైర్లయితే నాలుగూ ఉన్నాయి. లోతైన గాడులతో బురదని పట్టుకునేవి మాత్రం రెండే... మిగతా రెండు రావడానికి వారం పడుతుందట. ఆకాశం చూస్తే వారం ఆగేలా లేదు.

"బురదవి రెండూ ఎనకాతల ఎయ్యి బావా. బండిని తోసేది ఎనక సక్రాలే గదా" అన్నాడు నాన్న చివరికి, కొట్టాయనతో.

ఇంటికొచ్చాక అమ్మ జీపు చుట్టూ తిరిగి చూసింది. మార్చకుండా వదిలేసిన ముందు పాత టైర్ల మీద అరచెయ్యి పెట్టి రాసింది.

"ఇయ్యేటండీ, ఇలాగే ఒగ్గేసినారు? బండి తిరిగేది ఈటితోనే గదా. జారితే ఏటి సేత్తారు?"

"నీకు తెలీదే. ఎనక గట్టిగా ఉంటే ఎల్లిపోద్ది."

"కొత్తయి నాలుగూ ఒక్కలాటివే ఎయ్యాల్సింది" అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

నాలుగో రోజుకి వాయుగుండం పట్టింది. అదే ఆసుపత్రి రోజు కూడా. వెనక సీట్లో అమ్మ తాతని ఒడిసి పట్టుకుంది. ఇంట్లో ఒంటరిగా ఉంచలేక నన్నూ ఎక్కించుకున్నారు.

జీడితోటల్లో ముందువారం దిగబడిన చోటు వచ్చింది. వెనక టైర్లు బురదని చీల్చుకుంటూ లాగేశాయి. "సూసినావా?" అన్నాడు నాన్న, వెనక్కి తిరక్కుండానే.

తర్వాత గెడ్డ, అంటే వాగు, దాని దగ్గర మలుపు... ఎర్రనీళ్లు దారి మీద నుంచే పారుతున్నాయి. నాన్న స్టీరింగు తిప్పాడు. జీపు తిరగలేదు.

తిన్నగా గట్టు వైపు జారిపోయింది. నాన్న బ్రేకు మీద నిలబడ్డాడు. జీపు ఆగేసరికి ముందు చక్రం ఒకటి గాల్లో ఉంది. కిందంతా గెడ్డ నీరు సుడులు తిరుగుతోంది.

నాన్న స్టీరింగుని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు.

"గుంటని ముందల దింపండ్రా..." అన్నాడు తాత నన్ను చూపిస్తూ, ఆయాసపడుతూ.

"మీరు బ్రేకు మీంచి కాలు తియ్యకండి" అంది అమ్మ నాన్నతో. గట్టు లేని వైపు నుంచి నన్ను దింపింది. తర్వాత తాతని రెండు చంకల కిందా పట్టుకుని దింపి, జీడిచెట్టు మొదట్లో కూర్చోబెట్టి గోనెసంచి కప్పింది. తోటలో రాలిపడ్డ కొబ్బరిమట్టలు ఈడ్చుకొచ్చి వెనక టైర్ల కింద తోసింది. చీర మోకాళ్ల దాకా బురద.

"ఇప్పుడు ఎనక్కి... మెల్లిగా... మెల్లిగా..."

ఇంజను అరిచింది. మట్టలు విరిగాయి. జీపు ఒక్కసారి గట్టు వైపు ఒరిగింది... నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి నాలుగు చక్రాలూ నేలమీదే ఉన్నాయి. తాతని మళ్లీ ఎక్కించుకుని, అమ్మ ముందు నడిచి దారి చూపిస్తుంటే, నాన్న నడక వేగంతో ఆ మలుపు దాటించాడు.

జారింది ముందు టైర్లు. లాగింది వెనక టైర్లు. ఎవరి మాట నెగ్గిందని ఎవరూ అడగలేదు.

ఆసుపత్రికి చేరేసరికి తాత పెదాలు నల్లబడ్డాయి. నర్సమ్మ ఏమీ అడక్కుండా లోపలికి తీసుకెళ్లింది. వరండాలో అమ్మానాన్నా తడిబట్టలతో గంటలు గంటలు కూర్చున్నారు. చాలాసేపటికి నర్సమ్మ బయటికొచ్చి "టీ అడుగుతున్నారు మీ పెద్దాయన" అంది. అప్పుడు నాన్న మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. చేతులు తీసి, "మిగతా రెండూ ఒచ్చినాక నువ్వు కూడా రా పలాస" అన్నాడు అమ్మతో. అంతే.

అమ్మ వచ్చింది. కొట్టాయన ఆశ్చర్యపోయాడు. "ఏటి సెల్లెమ్మా, నువ్వొచ్చినావు?"

"ఆవిడే సూత్తాది. ఆవిడ సెప్పినట్టే బిగించు" అన్నాడు నాన్న. ఆఖరి బోల్టు బిగించేదాకా అమ్మ అక్కణ్ణుంచి కదల్లేదు.

తాత ఆ తర్వాత రెండు వానాకాలాలు బతికాడు. దారి బాగోలేదని ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు.

ఇప్పుడు మా ఊరికి సిమెంటు రోడ్డు పడింది. నా కారుకి టైర్లు ఫోన్లోనే చూసి ఎంచుకుంటాను, ఇంటికొచ్చి బిగించి వెళ్తారు. ఎవరితో వాదించే పనే లేదు... మొన్న ఊరెళ్లినప్పుడు ఆ గెడ్డ మీద వంతెన దాటడానికి నిమిషం పట్టలేదు. కానీ ఎదురొచ్చిన ఆటోల్లో, డయాలసిస్ చేయించుకుని, చేతికి దూదిపట్టీతో వెనక్కి వాలి కూర్చున్న మనుషులు ఇంకా కనిపిస్తూనే ఉన్నారు. దారి బాగుపడింది... మనుషులే ఇంకా బాగుపడలేదు.

మీ ఇంటి బండి ఏ వానలో, ఎవర్ని, ఎక్కడికి చేర్చిందో గుర్తుందా? రాయండి... అన్నీ కూర్చుని చదువుతాను.