కరుణ పోలిక కోసం కొల్లేటి లంకకు

తాడేపల్లిగూడెంలో ఉదయం ఏడు గంటల ప్యాసింజరు ఎక్కేటప్పటికే నా దగ్గర ఒక ప్రశ్న సిద్ధంగా ఉంది. కొల్లేటి లంకల్లో, ఫొటో అయినా మిగలకుండా పోయినవారి బొమ్మలు గీసి ఇచ్చే డ్రాయింగు మాస్టారి గురించి మా కళాశాల పత్రికకు రాయమన్నారు. ఎన్నడూ చూడని మనిషి ముఖం గీసి, ఇది ఆ మనిషేనని ఇవ్వడం సత్యమేనా అన్నది నా ప్రశ్న. డిబేట్ల అలవాటు కొద్దీ ఆయన చెప్పగల జవాబులను ఊహించి, భీమడోలు దాటేలోగా వాటికి ఖండనలు కూడా కూర్చుకున్నాను.

ఎనిమిదిన్నరకు ఏలూరులో దిగి, స్టేషను ఎదుట ఇడ్లీ తిని, పాత బస్టాండులో లంకల వైపు బస్సు పట్టుకున్నాను. వలల మూటతో పక్కన కూర్చున్న పెద్దాయన, మాస్టారి కోసమని చెప్పగానే కిటికీ సీటు నాకిచ్చారు.

"మా నాన్న బొమ్మ కూడా ఆయనే వేశారండీ. మీసం పెట్టమని మేమే అడిగాం. పాపం, బతికున్నన్నాళ్లూ మా నాన్నకి మీసం సరిగ్గా మొలవనే లేదు!"

చుట్టూ ఉన్నవారంతా నవ్వారు. నేను మాత్రం నా వాదానికి సాక్ష్యం దొరికిందని సంతోషించాను.

బస్సు దిగిన చోట మాస్టారే ఎదురొచ్చారు. ఉద్యోగ విరమణ చేసినా, ఆదివారాలు లంక పిల్లలకు బొమ్మలు నేర్పడం, వరదలొస్తే పడవలో బియ్యం, మందులు చేర్చడం ఆయన మానలేదు.

"దీనమ్మగారింట్లో మన భోజనం అమ్మా. రేపు వాళ్ల పెద్దమ్మాయి కరుణ జ్ఞాపకార్థ కూడిక. బొమ్మ ఈ పూటే పూర్తి కావాలి" అన్నారు.

కిక్కిస పొదల మధ్య పడవ సాగింది. కరుణ జ్వరంతో పోయిందనీ, ఉన్న ఒక్క ఫొటో మొన్నటి వరదలో తడిసి ముఖం చెరిగిపోయిందనీ దారిలో చెప్పారు.

ఆయన పని చేసే తీరు వేరు. దీనమ్మగారింట్లో, కళ్లకు కరుణ చెల్లెలిని, గడ్డానికి మేనత్తను ఎదురుగా కూర్చోబెట్టి, గీత గీతకూ తల్లిని అడిగారు.

"ముక్కు ఇంకొంచెం చిన్నదండీ. దేవుడి దయవల్ల మా అత్తవారి ముక్కు రాలేదు" అన్నారు దీనమ్మగారు.

"మా ముక్కుకేమొచ్చిందొదినా?" అంది మేనత్త.

మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయింది. దీనమ్మగారు చేతులు తుడుచుకుని దగ్గరకొచ్చి, "వచ్చేసింది మా పిల్ల" అన్నారు.

అప్పుడు అడిగాను. మాస్టారినే అడిగాను, కానీ అందరికీ వినబడేలా మాట్లాడడం నా అభ్యాసం.

"చెల్లెలి కళ్లు, మేనత్త గడ్డం కలిపితే అది కరుణ ఎలా అవుతుందండీ? అందరూ ఒప్పుకున్నంత మాత్రాన పోలిక నిజమవుతుందా?"

దీనమ్మగారు బొమ్మను చూశారు, చిన్నకూతురిని చూశారు, మళ్లీ బొమ్మను చూశారు.

"అవునండీ, ఇవి దీని కళ్లే" అని కళ్లు మూసుకున్నారు. "ఇందాకటిదాకా కనబడిందండీ. ఇప్పుడు దీని మొహమే వస్తోంది."

తర్వాత నా వైపు తిరిగి, ఎత్తిపొడుపేమీ లేకుండా, "మీరు చదువుకున్నారు కదమ్మా, ఎలా ఉండేదో మీరు చెప్పండి" అన్నారు.

అయినా ఆవిడ నాకు కంచం పెట్టారు. బొచ్చె చేప పులుసు, ముళ్లు జాగ్రత్తని హెచ్చరిస్తూ మరీ వడ్డించారు. తలెత్తకుండా తిన్నాను. మాస్టారు బొమ్మలో కళ్లు చెరిపి గీశారు, మళ్లీ చెరిపారు. ప్రతి గీతనూ దిద్దిన తల్లి ఇప్పుడు, "ఏమోనండీ, మీకెలా తోస్తే అలా" అంటున్నారు.

మాస్టారు ఆ రాత్రికి అక్కడే ఉండిపోయారు. సాయంత్రం నన్ను పడవ ఎక్కిస్తుంటే క్షమాపణ చెప్పబోయాను.

"నన్ను అడగదలచుకుంటే పడవలో అడగాల్సిందమ్మా. నాకు నేను రోజూ వేసుకునే ప్రశ్నే అది. అందుకే గీస్తున్నంతసేపూ వాళ్లని అడుగుతాను. అయ్యాక అడగను."

ఏలూరులో దీపాలు పెట్టే వేళకు గూడెం బండి ఎక్కాను. వెళ్లదలచినవారికి దారి సులువే. పొద్దున బయలుదేరితే రాత్రికి ఇల్లు చేరవచ్చు. లంకవారి మర్యాద గురించి చెప్పనక్కరలేదు. నా ప్రశ్న న్యాయమైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. నా సిగ్గుకు అది ఏ విధంగానూ అడ్డు రావడం లేదు. మర్నాడు కూడికలో ఊరంతా ఆ బొమ్మను చూసి కరుణా అని ఏడ్చి ఉంటుంది. దీనమ్మగారికి మాత్రం చిన్నకూతురి కళ్లు కనబడి ఉంటాయి.