అవుననని, కాదనని మావగారు

మావగారు దేనికీ అవుననరు, కాదనరు. ఏ కాగితం బయటికి పోవచ్చో, ఏది పోకూడదో తేల్చి ముద్ర వేయడమే అణు పరిశోధన కార్యాలయంలో ముప్ఫై ఏళ్లు ఆయన పని. రెండేళ్ల కిందట పదవీ విరమణ చేశాక ఆ జబ్బు ఇంటికి తెచ్చుకున్నారని అందరి నమ్మకం.

"కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అత్తగారు అడిగితే, "సరిపోయిందనీ చెప్పను, లేదనీ చెప్పను" అంటారు. వాన పడుతోందా అన్నా అదే జవాబు, తడిసిన గొడుగు దులుపుతూ మరీ.

"మావయ్యగారూ, కనీసం మీ షర్టు సైజు చెప్పండి" అంది ఓసారి కోడలు.

"అది పుట్టు రహస్యమమ్మా."

"అంటే?"

"అణువు సంగతులకి ఎవరూ ముద్ర వెయ్యక్కర్లేదు. పుట్టగానే రహస్యమే. పనిగట్టుకుని విడుదల చేస్తేనే బయటికొస్తాయి."

"షర్టుకీ అణువుకీ ఏం సంబంధం?"

"ఉందనీ చెప్పను..."

కోడలు తల పట్టుకుని రెండు సైజులూ కొనుక్కొచ్చింది.

ఇప్పుడామెకి రెండో నెల. రెండేళ్ల కిందట ఒకసారి నిలవలేదు. అప్పుడు ఓదార్చడానికొచ్చిన చుట్టాలు ఆమెను ఇంకా ఏడిపించి వెళ్లారు. ఈసారి మూడో నెల దాటేదాకా ఎవరికీ తెలియకూడదు. భర్తకీ, ల్యాబ్ నుంచి రిపోర్టు తెచ్చిన మావగారికీ తప్ప ఇంకెవరికీ తెలియదు. అయినా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది.

ఆదివారం అత్తగారి చెల్లెలు ఊడిపడింది. కోడలి ముఖం చూసి కళ్లు చికిలించింది. కోడలు వంటింట్లోకి పారిపోయి తలుపు వెనక నిలబడింది.

"బావగారూ, కోడలికి ఏమైనా విశేషమా?"

కోడలు తలుపుకి చెవి ఆనించింది.

"విశేషమనీ చెప్పను, కాదనీ చెప్పను."

"పోనీ, అబ్బాయి ఉద్యోగం మానేశాడా?"

"మానేశాడనీ చెప్పను, లేదనీ చెప్పను."

"ఇల్లు అమ్మేస్తున్నారా?"

"అమ్ముతున్నామనీ చెప్పను..."

"మీకంటే ఆ గోడ నయం!" అని ఆవిడ లేచి, గేటు దగ్గరున్న అక్క దగ్గరికి విసవిసా నడిచింది.

మావగారు వంటింట్లోకొచ్చారు.

"ఏమీ లేదని ఒక్క మాట అనేస్తే పోయేదిగా?" అంది కోడలు.

"దాస్తాను గానీ అబద్ధమాడనమ్మా. వచ్చిన ప్రతి అబద్ధాన్నీ కాదంటూ పోతే, నిజం దగ్గర నోరు మూసుకున్నప్పుడు దొరికిపోతాం. అందుకే ఆఫీసులో ఉత్త పుకారుని కూడా పుకారనేవాళ్లం కాదు. ఉప్పు దగ్గర్నుంచీ ఒకటే పాట పాడితే, నీ సంగతి వచ్చినప్పుడు ఎవరికీ తేడా తెలీదు." ఆయన గొంతు తగ్గింది. "మొదటిసారి నీకు నెల తప్పినప్పుడు నోరు జారింది నేనే. చుట్టాలు వచ్చిపడింది నా వల్లే. ఆ రోజునుంచే ఇంట్లో ఈ పద్ధతి."

కోడలు ఆయన ముఖంలోకి చూసింది. రెండేళ్లుగా తను విసుక్కున్న ప్రతిసారీ ఈయన తన కోసమే మాట పడ్డారా!

గేటు దగ్గర్నుంచి ఆవిడ గొంతు ఖంగుమంది: "అక్కా, నా దగ్గర దాస్తావా? ఇల్లు ఎంతకి బేరం పెట్టారే?"

కోడలు పగలబడి నవ్వింది. రిపోర్టు వచ్చాక అదే మొదటి నవ్వు.

"గట్టిగా నవ్వకమ్మా, గేటుదాకా వినిపిస్తుంది" అంటూ మావగారు కుళాయి పూర్తిగా తిప్పేశారు.